ముసలి ల్యాప్‌టాప్‌కు పథ్యం

మా సూళ్లూరుపేటలో ల్యాప్‌టాప్‌లకు రెండు జన్మలు. మొదటిది మద్రాసులో ఏదో ఆఫీసు ఏసీ గదిలో గడుస్తుంది. నాలుగైదేళ్లకు ఆఫీసు వాళ్లు వదిలించుకుంటే అది రిచీ స్ట్రీట్ చేరుతుంది. మనవాళ్లు పొద్దున లోకల్ ఎక్కి పోయి, బేరమాడి, సంచిలో వేసుకొని సాయంత్రం బండికి తిరిగొస్తారు. రెండో జన్మ ఇక్కడ మొదలవుతుంది. రేకుల గది, పులికాట్ మీంచి వచ్చే ఉప్పుగాలి, మే నెల ఎండ. అదే యంత్రం, బతుకు మాత్రం వేరు. పాపం, ఆ సంగతి దానికి ఎవరూ చెప్పరు.

మా వీధిలో డీఎస్సీకి చదివే అమ్మాయి ఒక రోజు అలాంటిదొకటి పట్టుకొచ్చింది. "అన్నా, ఇది పొయ్యి మాదిరి కాలతా ఉండాది. క్లాసు సగంలో ఆరిపోతా ఉండాది. పవర్ సేవింగు పెట్టినా అంతే" అంది. తెరిచి చూశాను. ఎవరి సలహానో విని ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 30 శాతానికి దించేసింది. ఫోల్డర్ తెరుచుకోవడానికి కాఫీ తాగినంత సేపు పడుతోంది. ఇంత చేసినా ఆరిపోవడం ఆగలేదు, ఎందుకంటే జబ్బు ప్రాసెసర్‌లో లేదు. చెవి పెట్టి విన్నాను. ఫ్యాన్ తిరగడమే లేదు.

"పాపా, నువ్వు దీనికి పస్తు పెట్టినావు. కావాల్సింది పథ్యం" అన్నాను.

ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది ఆ తేడా గురించే. పస్తు పెడితే రోగి నీరసపడతాడు, రోగం అలాగే ఉంటుంది. పథ్యమంటే ఏది తగ్గించాలో, ఏది ముట్టుకోకూడదో తెలిసి తగ్గించడం. ముసలి ల్యాప్‌టాప్‌లో తగ్గించాల్సింది పైవేగం. ముట్టుకోకూడనిది దాని నిద్ర.

వేడి ఎక్కడ పుడుతుంది

ప్రాసెసర్ పనిలో ఉన్నప్పుడు తినే కరెంటుకు ఒక మోటు లెక్క ఉంది. వేగం ఎంత పెరిగితే ఖర్చు అంత పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి చివరి మెట్లు చాలా ఖరీదైనవి. రెంటినీ పదో వంతు తగ్గించారనుకోండి, 0.9ని మూడుసార్లు హెచ్చిస్తే 0.73 వస్తుంది. పదో వంతు వేగం వదులుకున్నందుకు నాలుగో వంతు పైగా వేడి తగ్గింది. ఇంతకంటే లాభసాటి బేరం రిచీ స్ట్రీట్‌లో కూడా దొరకదు.

ఈ బేరం ప్రాసెసర్‌కూ తెలుసు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగాన్నీ వోల్టేజీనీ తానే దించుకునే స్పీడ్‌స్టెప్ ఏర్పాటును ఇంటెల్ 2000లోనే ల్యాప్‌టాప్‌లకు తెచ్చింది. 2008లో దానికి తిరకాసుగా టర్బో బూస్ట్ వచ్చింది. కాస్త వెసులుబాటు కనిపిస్తే చాలు, డబ్బా మీద రాసిన వేగం దాటి పరుగెత్తడం దాని గుణం. కొత్తలో అది వరమే. పన్నెండేళ్ల యంత్రంలో ప్రాసెసర్ మీది వేడి లాగే పేస్టు ఎండిపోయి, రెక్కల మధ్య దుమ్ము నిండిపోయాక అదే వరం మెడకు చుట్టుకుంటుంది.

ఇక నిద్ర సంగతి. ప్రాసెసర్ రెండు మీటల నొక్కుళ్ల మధ్య కూడా కునుకు తీస్తుంది. సి-స్టేట్లు అంటారు వీటిని. సి1 అంటే కళ్లు మూసుకోవడం. సి6 అంటే ఒక కోరు తన లెక్కలన్నీ పక్కన దాచిపెట్టి దాదాపు కరెంటే లేకుండా పడుకోవడం. మీరు ఈ పేరా చదువుతున్నంత సేపట్లో అది వేలసార్లు పడుకొని లేస్తుంది. అందుకే పనిని చప్పున ముగించి పడుకునే ప్రాసెసర్, రోజంతా నత్తనడక నడిచే ప్రాసెసర్ కంటే తరచూ తక్కువ కరెంటు తింటుంది. 30 శాతానికి దించితే పొదుపు అనుకోవడంలో పొరపాటు ఇదే. మా చెంగాళమ్మ గుడికి రాత్రింబగళ్లు తలుపులు మూయరు. అమ్మవారికి అది చెల్లుతుంది, ప్రాసెసర్‌కు చెల్లదు.

మన ఊరి మిద్దెల మీంచి చూసిన జబ్బు

యంత్రానికి వేడి చేస్తే ఏం చెయ్యాలో చెప్పే పెద్ద కథ మన పక్కనుంచే బయల్దేరింది. 2008 అక్టోబరు 22న తెల్లవారాక శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి11 చంద్రయాన్-1ను మోసుకుపోయింది. నవంబరులో అది చంద్రుడి చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుండగా లోపలి వేడి 50 డిగ్రీలకు ఎక్కింది. అక్కడికి పోయి ఫ్యాన్ తుడిచే వీలు లేదు. కొన్ని పరికరాలను ఆపేశారు, నౌకను కొంచెం పక్కకు తిప్పారు, ఒకేసారి అన్నీ నడపడం మానేశారు. 2009 మే నెలలో కక్ష్యనే 200 కిలోమీటర్లకు పెంచారు. రెండేళ్లు పనిచేయాల్సింది 2009 ఆగస్టు 29న మూగబోయింది. మొత్తం 312 రోజులు. చంద్రుడి మీద నీటి జాడ పట్టిన ఘనత ఆ 312 రోజులదే. (వైద్యం బెంగళూరు నుంచి జరిగింది లెండి. మనం పంపించినవాళ్లమే.)

వాళ్లు ఏ వరుసలో వెళ్లారో చూడండి. ముందు పని భారం తగ్గించారు, వేడి తగిలే దిక్కు మార్చారు, ఆ తర్వాతే పెద్ద మార్పుకు పోయారు. మనకున్న అదృష్టం, స్క్రూడ్రైవర్ అందే దూరంలో ఉండడం.

ముందు ముక్కు శుభ్రం

సెట్టింగుల జోలికి పోకముందు అడుగు మూత విప్పించండి. ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య కంబళి ముక్కలాంటి దుమ్ము పొర ఉంటుంది. బయటి నుంచి ఊదితే అది పోదు, ఇంకా లోపలికి బిగుస్తుంది. తీసి పారేయాలి. మిగిలిన దుమ్మును ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, విచ్చలవిడిగా తిరిగితే బేరింగు పోతుంది. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంటే మార్పించండి. ఆ అమ్మాయి యంత్రానికి కొత్త ఫ్యాన్, కొత్త పేస్టు వేశాక 30 శాతాన్ని ఎత్తేశాం. వంట్లో సత్తువ వచ్చినట్టు కదిలింది.

ఇంకో చిన్న లెక్క. ఏ ఫ్యానూ గదికంటే చల్లగా చెయ్యలేదు. డిసెంబరులో 28 డిగ్రీల గదిలో 75 చూపించిన ప్రాసెసర్, అదే పనికి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో దాదాపు 87 చూపిస్తుంది. యంత్రం చెడలేదు, కాలం మారింది. పరుపు మీద పెట్టకండి. వెనక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెడితే గాలి ఆడుతుంది. కూలింగ్ ప్యాడ్‌కు పెట్టే డబ్బులు పేస్టుకు పెట్టడం మేలని నా అభిప్రాయం.

పైవేగానికి కళ్లెం

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అక్కడ మీ ప్లాన్ మార్పులు, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మూడు గడులు ఉంటాయి.

కనిష్ఠ స్థాయిని 5 శాతం దగ్గరే ఉంచండి. దాన్ని 100 చేస్తే వేగం వస్తుందని చెప్పేవాళ్లుంటారు. వచ్చేది వేడి. గరిష్ఠ స్థాయిని 99 చెయ్యండి. చూడ్డానికి ఒక్క శాతమే, కానీ ఆ ఒక్కటి తగ్గితే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో టర్బో మొత్తం ఆగిపోతుంది. ఎంత పోతుందన్నది మీ ప్రాసెసర్‌ను బట్టి ఉంటుంది. 2012 నాటి ఐ5-3320ఎం అయితే 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 2.6కు దిగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. 2013 నాటి పలచటి యంత్రాల్లో వచ్చిన ఐ5-4300యూ అయితే 2.9 నుంచి 1.9కి దిగుతుంది, అది తెలుస్తుంది. అలాంటి వాటికి నేను బ్యాటరీ మీద ఉన్నప్పుడు 99, చార్జర్ మీద ఉన్నప్పుడు చలికాలం 100, ఎండాకాలం 99 పెడతాను. మూడో గడి కూలింగ్ పాలసీ. చార్జర్ మీద యాక్టివ్ ఉండాలి. అంటే ముందు ఫ్యాన్ పెంచు, తర్వాత వేగం తగ్గించు అని. పాసివ్ దీనికి తలకిందులు.

ఈ కళ్లెం వల్ల చాలామందికి తెలియని ఇంకో మేలుంది. ముసలి బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే ఢామ్మని ఆరిపోవడం చూసుంటారు. టర్బో ఒక్కసారిగా కరెంటు గుంజితే అరిగిపోయిన సెల్లుల వోల్టేజి కుంగుతుంది, యంత్రం పడిపోతుంది. పైవేగం ఆపితే ఆ గుంజుడు తగ్గుతుంది. బ్యాటరీ ఎంత అరిగిందో చూడాలంటే కమాండ్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. తయారైన నివేదికలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోతే సెట్టింగులతో కుస్తీ మాని కొత్త బ్యాటరీ కొనుక్కోండి. అలాగని బ్యాటరీ తీసేసి ఒట్టి చార్జర్ మీద నడపొద్దు. వాన పట్టిన నాడు మన కరెంటు సంగతి తెలిసిందే కదా. అరగంట బ్యాటరీ అయినా ఫైళ్లను కాపాడుతుంది.

వీడియో చూస్తే కాలుతోందంటే

ఆ అమ్మాయి పనంతా యూట్యూబ్ క్లాసులే. ఫ్యాన్ మార్చాక కూడా క్లాసు మొదలవగానే ఫ్యాన్ గోల ఎత్తుకునేది. సెట్టింగుల తప్పు కాదిది. యూట్యూబ్ చాలా వీడియోలను వీపీ9 అనే పద్ధతిలో పంపుతుంది. దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ ఇంటెల్‌లో పూర్తిగా వచ్చింది ఏడో తరంతోనే. మూడు, నాలుగో తరాల్లో ఆ బరువు చాలావరకు ప్రాసెసర్ కోర్లే మోయాలి. పాత హెచ్.264 పద్ధతికైతే వాటిలో కూడా సర్క్యూట్ ఉంది. హెచ్264ఐఫై అనే చిన్న తోడును బ్రౌజర్‌కు తగిలిస్తే యూట్యూబ్ ఆ పాత పద్ధతిలోనే పంపుతుంది. బోర్డు మీది అక్షరాలు కనిపించడానికి 480 చాలు. గంట క్లాసు విన్నాక, "అన్నా, ఇప్పుడు ఒళ్లో పెట్టుకోవచ్చు" అని ఫోన్ చేసింది. ఒళ్లో పెట్టుకోవద్దమ్మా అన్నాను, గాలి దారి మూసుకుంటుంది.

నిలకడ

వేడి తగ్గినా కొన్ని బిగుసుకుపోతూనే ఉంటాయి. ఎప్పుడు బిగుసుకుందన్నదే అసలు ఆనవాలు. బరువు పనిలో ఆరిపోతే వేడినో, చార్జర్‌నో, బ్యాటరీనో అనుమానించండి. ఊరికే ఉన్నప్పుడు తెర స్తంభించిపోతే నిద్రను, డ్రైవర్లను, ర్యామ్‌ను అనుమానించండి. చార్జర్ పెట్టగానే నత్తలా మారితే, ఆ చార్జర్‌ను యంత్రం గుర్తుపట్టలేదని అర్థం. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు చార్జర్ నడిమి సన్న సూది ద్వారా అది తమదేనా, ఎన్ని వాట్లదని అడుగుతాయి. జవాబు రాకపోతే వేగాన్ని గిగాహెర్ట్జ్ కిందికి తొక్కిపెడతాయి. సెట్టింగులు ఎన్ని తిప్పినా అది లేవదు. ముందు వేరే చార్జర్ అడిగి తెచ్చి పెట్టి చూడండి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అని కనిపిస్తే పవర్ సప్లై పోయిందని తీర్పు చెప్పేస్తుంటారు. ఆ అంకెకు అర్థం, యంత్రం సరిగ్గా మూతపడకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దానికి ముందు వరుసల్లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో హెచ్చరికలుంటే హార్డ్‌వేర్ వైపు చూడండి. ర్యామ్ మీద అనుమానముంటే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్ర వరుస వచ్చినా ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ పరీక్షించాలి. ఉప్పుగాలి ఊళ్లలో తుడవడంతోనే బాగుపడినవి నా చేతుల్లో కొన్ని ఉన్నాయి.

గాఢనిద్రే జబ్బయిన యంత్రాలూ ఉన్నాయి. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్పుల కాలపు చౌక సెలెరాన్, ఆటమ్ యంత్రాలు లినక్స్ వేస్తే ఊరికే ఉన్నప్పుడు స్తంభించేవి. చాలాకాలం వాడిన చిట్కా, నిద్రను సి1 దగ్గరే ఆపమని బూట్ సమయంలో చెప్పడం. అలా చేస్తే బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, యంత్రం నిలబడుతుంది. ముట్టుకోకూడదని చెప్పిన నిద్రను ముట్టుకునే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

లినక్స్ మాట ఎలాగూ వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ యంత్రాల్లో దాదాపు అన్నిటినీ విండోస్ 11 రానివ్వదు. లినక్స్‌కు మారేవాళ్లకు ఒక్క హెచ్చరిక. పవర్‌సేవ్ అనే పేరు అన్నిచోట్లా ఒకటి కాదు. ఒక పద్ధతిలో దానర్థం అవసరాన్ని బట్టి వేగం పెంచు అని, ఇంకో పద్ధతిలో అట్టడుగు వేగం దాటొద్దని. పేరు చూసి ఎంచుకోకండి, పెట్టాక వేగం కదులుతోందో లేదో చూడండి. కరెంటు పొదుపు చూసే టీఎల్‌పీ వేసుకుంటే, అదే పని చేసే పవర్-ప్రొఫైల్స్-డీమన్ తీసేయండి. ఇద్దరు వైద్యుల మందులు ఒకేసారి మింగకూడదు.

నేను చేసిన తప్పు

వోల్టేజి వర్గం లెక్క తెలిశాక ఎవరికైనా ఆశ పుడుతుంది, వేగం అలాగే ఉంచి వోల్టేజి మాత్రం తగ్గిస్తే పోలా అని. అండర్‌వోల్టింగ్ అంటారు. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంతో నాలుగో తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీలయ్యేది. నేనూ ఒక డిసెంబరులో మైనస్ 80 మిల్లీవోల్టులు పెట్టాను. ఎనిమిది డిగ్రీలు తగ్గింది. ఊరంతా చెప్పుకున్నాను. మే నెలాఖరున ఒక మధ్యాహ్నం మా బంధువుల పిల్లాడి దరఖాస్తుకు ఫీజు కడుతుండగా తెర బిగుసుకుంది. డబ్బు పోయింది, రసీదు రాలేదు. డబ్బు తిరిగొచ్చేదాకా ఆ పిల్లాడు నా మొహం చూడలేదు. చలికాలం చల్లటి గదిలో నిలబడ్డ వోల్టేజి ఎండలో నిలబడుతుందని హామీ లేదు. పైగా చిప్పులు ముసలవుతాయి, కొత్తలో ఉన్న వెసులుబాటు ఏళ్లు గడిచేకొద్దీ కరుగుతుంది.

2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడింది. వోల్టేజి తగ్గించి ప్రాసెసర్ లెక్క తప్పించి రహస్యాలు లాగొచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత చాలా కంపెనీలు బయోస్ అప్‌డేట్లతో ఈ దారి మూసేశాయి. మీ యంత్రంలో ఇంకా తెరిచి ఉంటే, ఆటలాడే యంత్రమైతే ఆడుకోండి. పరీక్షలకూ డబ్బు వ్యవహారాలకూ వాడేదైతే వద్దు. ఈ వోల్టేజి కోసం పాత బయోస్‌కు వెనక్కి పోవడం మరీ వద్దు.

ఏ మార్పయినా రెండు రోజులకు ఒక్కటే చెయ్యండి. తేదీ, ఏం మార్చారు, గది వేడి, ప్రాసెసర్ వేడి ఒక నోటుబుక్కులో రాయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం ఉచితంగా వేడి చూపిస్తుంది. పరీక్ష అంటే అందరూ అరగంట బరువు పని ఇచ్చి వదిలేస్తారు. అది సగమే. తర్వాత గంటసేపు ఊరికే వదలండి, ఆ తర్వాత మూత మూసి తెరవడం మూడుసార్లు చెయ్యండి. నిద్రలోకి పోవడం, నిద్ర లేవడం, వీటి దగ్గరే ముసలివాళ్లు తడబడేది.

ఎప్పుడు వదిలేయాలో కూడా చెప్పాలి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే అదే రోజు వాడకం ఆపి బ్యాటరీ దింపించండి. గుచ్చొద్దు, ఒత్తొద్దు. శుభ్రం చేసి, పేస్టు మార్చి, టర్బో ఆపి, ర్యామ్ పరీక్షించి, చార్జర్ మార్చి చూశాక కూడా వారానికోసారి ఆరిపోతుంటే మదర్‌బోర్డు అలసిపోయింది. దాని మీద ఇంకో రూపాయి పెట్టకండి. డిస్కులోని ఫైళ్లు కాపీ చేసుకుని వదిలేయండి. డిస్కు, బాగున్న ర్యామ్, చార్జర్ మాత్రం పారేయొద్దు. మన ఊళ్లో ఇంకో ముసలిదానికి పనికొస్తాయి.